సంధి అడిగిన సేనాని: ఫ్రాంక్ ఏకెన్ స్మారకోపన్యాసం



మే 18 ఫ్రాంక్ ఏకెన్ వర్ధంతి. 1983లో ఆ రోజున డబ్లిన్‌లో ఆయన కన్నుమూశారు. 1923 నుంచి 1973 దాకా, యాభై ఏళ్ళపాటు, ఒక్క ఎన్నికలోనూ ఓడకుండా మన లౌత్ కౌంటీ ప్రజల తరఫున ఐర్లండ్ పార్లమెంటులో కూర్చున్న మనిషి. మన ఊరు డండాక్‌లోని సైనిక శిబిరానికి 1986లో ఆయన పేరే పెట్టారు. ఆ గోడ పక్కనుంచి మనం రోజూ కార్లో పోతూనే ఉంటాం. గేటు మీద ఉన్న పేరు ఎవరిదని నేను చాలా ఏళ్ళు అడగనే లేదు. ఒక ఊళ్ళో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని అక్కడి బడిలో వేసి, ఆ ఊరు ఎవరిని తలుచుకుంటుందో తెలుసుకోకపోవడం మంచిది కాదు. ఈ ఉపన్యాసానికి ఒప్పుకోవడానికి నాకు అదే కారణం.

తెలుగువాళ్ళకు దౌత్యం కొత్త కాదు. తిరుపతి వెంకట కవుల పుణ్యమా అని రాయబారం ఘట్టాన్ని రాత్రంతా మేలుకుని చూసిన జాతి మనది. మా తాతగారి తరంలో చదువురానివాళ్ళు కూడా ఆ పద్యాలు గొంతెత్తి పాడేవాళ్ళు. రాయబారి ఎలా మాట్లాడాలి, ఎక్కడ తగ్గాలి, ఎక్కడ తగ్గకూడదు అన్నది వాళ్ళు బళ్ళో కాదు, రంగస్థలం ముందు చాప మీద కూర్చుని నేర్చుకున్నారు. కానీ మనకు తెలిసిన రాయబారం యుద్ధానికి ముందు జరిగేది. అది విఫలమవుతుందని ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఏకెన్ జీవితం ఇందుకు తలకిందులు. ముందు యుద్ధం చేశాడు, ఆ తరవాతే రాయబారిగా బయల్దేరాడు.

ఆయన పరీక్ష రాసి విదేశాంగ శాఖలో చేరిన ఉద్యోగి కాదని ముందే చెబుతాను. 1951 నుంచి 1954 దాకా, మళ్ళీ 1957 నుంచి 1969 దాకా ఐర్లండ్ విదేశాంగ మంత్రి. అయితే తక్కిన దేశాల మంత్రులు న్యూయార్క్ వచ్చి ఒక ప్రసంగం చదివి విమానం ఎక్కేవాళ్ళు. ఏకెన్ ఐక్యరాజ్యసమితి సమావేశాలు సాగినన్నాళ్ళూ అక్కడే ఉండేవాడు. కమిటీ గదుల్లో తన దేశం కుర్చీలో తానే కూర్చునేవాడు. మంత్రి ఇంటిపట్టున ఉండడని డబ్లిన్‌లో ప్రతిపక్షం విమర్శించేది కూడా. ఆ పన్నెండేళ్ళూ ఆయన విదేశంలో నియమితుడైన దౌత్యవేత్తలాగే బతికాడు.

పుట్టింది 1898 ఫిబ్రవరి 13న, సరిహద్దుకు ఆవల, ఇప్పటి ఉత్తర ఐర్లండ్‌లో, న్యూరీ పక్కన క్యామ్లాక్ దగ్గర. అప్పటికి ఆవల, ఈవల అన్న మాటే లేదు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. 1914లో పదహారేళ్ళ వయసులో ఐరిష్ వలంటీర్లలో చేరాడు. అదే ఏడు డబ్లిన్‌లో మన తెలుగాయన ఒకరు న్యాయశాస్త్రం చదువుతున్నారు. బరంపురం నుంచి 1913లో వచ్చిన వరాహగిరి వెంకటగిరి గారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరవాత ఆయన ఈ దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. తరవాత కార్మికోద్యమం, 1947 నుంచి 1951 దాకా కొలంబోలో భారత హైకమిషనర్ పదవి, చివరికి రాష్ట్రపతి భవనం. ఐర్లండ్ గాలి పీల్చి రాయబారులైనవాళ్ళలో మనవాడూ ఉన్నాడని పిల్లలకు చెప్పండి.

ఏకెన్ కథకు వస్తాను. ఐర్లండ్ స్వాతంత్ర్య యుద్ధంలో క్యామ్లాక్ పోలీసు శిబిరం మీద దాడికి ప్రతీకారంగా బ్రిటిష్ ప్రభుత్వ బలగాలు ఆయన ఇల్లు తగలబెట్టాయి. 1921కి ఆయన రిపబ్లికన్ సైన్యంలో నాలుగో ఉత్తర డివిజన్‌కు సేనాని. వయసు ఇరవై మూడు. బ్రిటన్‌తో ఒప్పందం కుదిరి, ఆ ఒప్పందం మీదే నిన్నటిదాకా కలిసి పోరాడినవాళ్ళు రెండుగా చీలిపోయినప్పుడు ఆయన ఏ పక్షానికీ పోకుండా ఆగాడు. ఇరువైపులా తిరిగాడు, రాజీ కోసం బతిమాలాడు, ఉత్తరాలు రాశాడు. ఫలితం లేకపోయింది. 1922 జులై 16న ఒప్పందాన్ని ఒప్పుకున్న కొత్త ఐరిష్ ప్రభుత్వపు సైన్యం డండాక్ శిబిరాన్ని పట్టుకుని ఆయన్ని ఈ ఊరి జైల్లోనే పెట్టింది. జులై 27న బయటినుంచి ఆయన మనుషులు జైలు గోడకు మందుపాతర పెట్టి పేల్చారు. ఆయనతోపాటు వందమందికి పైగా ఆ కన్నంలోంచి బయటపడ్డారు. ఆగస్టు 14 తెల్లవారుజామున ఆయన తిరిగొచ్చి శిబిరాన్ని, ఊరిని పట్టుకున్నాడు. రెండు వందలకు పైగా ఖైదీలను విడిపించాడు.

గెలిచిన సేనాని ఆ తరవాత చేసేదేమిటో చరిత్రంతా ఒకేలా చెబుతుంది. ఏకెన్ చేసింది వేరు. ఊరి నడిబొడ్డున సభ పెట్టి, ఈ అంతర్యుద్ధం ఆపాలి, సంధి చేసుకోవాలి అని అడిగాడు. చేతిలో ఊరుంది, తుపాకులున్నాయి, ఖైదీలు బయటికొచ్చిన ఉత్సాహముంది. అయినా నోట వచ్చిన మాట సంధి. ఎవరూ వినలేదు. కొద్ది రోజుల్లోనే ఊరు మళ్ళీ ప్రభుత్వం చేతికి పోయింది. యుద్ధం ఇంకా తొమ్మిది నెలలు సాగింది.

ఇక్కడ ఒక చేదు విషయం చెప్పకుండా ముందుకు పోలేను. స్మారకోపన్యాసమంటే పూలదండ ఒక్కటే అయితే నేను ఈ వేదిక ఎక్కేవాణ్ణి కాను. 1922 జూన్ 17న, ఆయన డండాక్‌ను పట్టుకోవడానికి రెండు నెలల ముందు, న్యూరీ దగ్గర ఆల్ట్‌నవేలో ఆరుగురు ప్రొటెస్టంటు పౌరులను ఏకెన్ డివిజన్‌కు చెందినవాళ్ళు చంపారు. అంతకు కొద్ది రోజుల ముందు ఆ ప్రాంతంలో ప్రత్యేక పోలీసుల చేతుల్లో కాథలిక్కులు చనిపోయారు, ఆడవాళ్ళ మీద అఘాయిత్యం జరిగింది. ఇది దానికి ప్రతీకారం. ప్రతీకారం అన్న మాట ఆ ఆరుగురి కుటుంబాలకు జవాబు కాదు. సేనాని బాధ్యత సేనానిదే. ఆయన ఆ రోజుల గురించి బహిరంగంగా మాట్లాడకుండానే వెళ్ళిపోయాడు. ఆ మౌనాన్ని నేను సమర్థించను. కానీ తరవాతి నలభై ఏళ్ళ పని చూస్తే, తుపాకీ ఒకసారి బయటికొస్తే ఎవరి మాటా వినదని తన అనుభవంలోంచే తెలిసినవాడు చేసిన పనిలా కనిపిస్తుంది.

1923 ఏప్రిల్ 10న రిపబ్లికన్ సైన్యాధిపతి లియమ్ లించ్ కొండల్లో కాల్పులకు చనిపోయాడు. పక్కనే ఉన్న ఏకెన్ ఆయన స్థానంలోకి వచ్చాడు. ఏప్రిల్ 30న పోరు ఆపించాడు. మే 24న ఆయుధాలు పక్కన పెట్టి ఇళ్ళకు పొమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. అంతర్యుద్ధం అలా ముగిసింది. ఆగస్టులో సంధి అడిగి భంగపడ్డ మనిషే మేలో దాన్ని తన సంతకంతో అమలు చేశాడు. ఇంకో సంగతి: లించ్ చనిపోయిన తేదీకి సరిగ్గా డెబ్బై అయిదేళ్ళకు, 1998 ఏప్రిల్ 10న, ఉత్తర ఐర్లండ్‌లో శాంతి కోసం బెల్ఫాస్ట్‌లో గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది.

మధ్యలో ఆయన రక్షణ మంత్రిగా, ఆర్థిక మంత్రిగా చేసిన కాలాన్ని దాటేస్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఐర్లండ్ తటస్థంగా ఉండటానికి ప్రధాని డి వలేరాకు కుడిభుజం ఆయనే. 1941లో ఆయుధాలు అడగడానికి వాషింగ్టన్ వెళ్ళినప్పుడు రూజ్‌వెల్ట్‌తో భేటీ చెడింది. పెద్ద దేశం ముందు చిన్న దేశం ఎంత చిన్నదో ఆ గదిలో ఆయనకు తెలిసొచ్చి ఉండాలి.

ఐర్లండ్ 1955 డిసెంబర్ 14న ఐక్యరాజ్యసమితిలో చేరింది. 1957లో ఏకెన్ విదేశాంగ శాఖకు తిరిగొచ్చాడు. ఆ ఏడే కమ్యూనిస్టు చైనా సభ్యత్వం సంగతి కనీసం చర్చించాలని ఓటేశాడు. అమెరికాకు కోపమొచ్చింది. న్యూయార్క్ కార్డినల్ స్పెల్‌మన్ మండిపడ్డారు. ఐరిష్ కాథలిక్కు దేశపు మంత్రికి అమెరికా కాథలిక్కు పీఠాధిపతి కోపం ఎంత బరువో ఊహించండి. ఆయన ఓటు మార్చుకోలేదు. రెండేళ్ళు తిరిగేసరికి, దలైలామా మన దేశానికి వచ్చేసిన 1959లో, టిబెట్ ప్రజల హక్కుల కోసం మలయాతో కలిసి తీర్మానం పెట్టింది అదే ఏకెన్. చైనాను చర్చకు పిలవమన్నదీ, చైనా చేసింది తప్పన్నదీ ఒకే నోరు. అక్టోబర్ 21న ఆ తీర్మానం 45 ఓట్లతో నెగ్గింది. తొమ్మిది దేశాలు వ్యతిరేకించాయి. 26 దేశాలు ఎటూ ఓటెయ్యలేదు. ఆ 26లో భారతదేశం ఉంది. మన పక్కింటి మంటకు ఐర్లండ్ నీళ్ళు మోసుకొస్తే మనం చేతులు కట్టుకుని నిలబడ్డాం. 1962 యుద్ధం తరవాత, 1965లో టిబెట్ మీద మరో తీర్మానం వస్తే దానికి భారత్ అనుకూలంగా ఓటేసింది.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. 1958లో అణుబాంబులున్న దేశాలు మూడే: అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్. ఫ్రాన్స్ తయారవుతోంది. తన మిత్రదేశాల్లో బాంబులు పెట్టాలని అమెరికా చూస్తోంది. మొత్తం నిరాయుధీకరణ కావాలని అందరూ అంటున్నారు, ఎవరూ ఒక్క అంగుళం కదలడం లేదు. ఏకెన్ లెక్క వేరు. ఇల్లు కాలుతున్నప్పుడు మొత్తం ఊరికి కొత్త కప్పులు వేయించే మాట తరవాత. ముందు నిప్పు పక్కింటికి పాకకుండా చూడాలి. ఉన్నవాళ్ళ బాంబులు ఇవాళ తీయించలేం. లేనివాళ్ళ చేతికి కొత్తగా పోకుండా ఆపగలం. తుపాకులు చేతులు మారితే ఏమవుతుందో లౌత్, ఆర్మా పల్లెల్లో చూసిన మనిషికి ఇది పుస్తకంలో చదివిన సిద్ధాంతం కాదు.

ఆ ఏడు అక్టోబర్ 17న ఐక్యరాజ్యసమితిలో తీర్మానం పెట్టాడు. గెలవదని తెలిసింది. అప్పుడు చేసిన పని చూడండి. అణ్వాయుధ దేశాల సంఖ్య పెరగడం ప్రమాదమని చెప్పే ఒక్క పేరాకు విడిగా ఓటు అడిగాడు. అనుకూలం 37, వ్యతిరేకం సున్న, ఓటెయ్యనివాళ్ళు 44. అంతే, మిగతా తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఓడిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ సున్నాను ఆయన దాచుకున్నాడు. ఇది తప్పని చెప్పే ధైర్యం ప్రపంచంలో ఎవరికీ లేదని రికార్డులో ఎక్కింది. రాయబారమంటే ఒక్కోసారి ఇంతే. ఇవాళ గెలవనిదాంట్లోంచి రేపు పనికొచ్చే ముక్కను భద్రంగా ఇంటికి తెచ్చుకోవడం.

1959లో మళ్ళీ వచ్చాడు. మాటలు కొంచెం మార్చాడు. 68 దేశాలు సరేనన్నాయి, 12 దూరంగా ఉన్నాయి. 1960లో మళ్ళీ. 1961 డిసెంబర్ 4న తీర్మానం 1665. ఒక్క వ్యతిరేక ఓటు లేదు, ఓటెయ్యనివాళ్ళూ లేరు. మూడేళ్ళ కిందట మొహం తిప్పుకున్న అమెరికా, అటు సోవియట్ యూనియన్, మధ్యలో భారత్, అందరూ ఒప్పుకున్నారు. దౌత్య వర్గాల్లో దాన్ని ఇప్పటికీ ఐరిష్ తీర్మానం అనే అంటారు.

ఆ తీర్మానం ఒక్కడి చేతిరాత కాదు. న్యూయార్క్‌లో ఐర్లండ్ రాయబారి ఫ్రెడరిక్ బోలండ్ ఉన్నాడు. 1960లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభకు అధ్యక్షుడై, సోవియట్ నేత కృశ్చేవ్ గోల చేసిన రోజు సభాపతి సుత్తి విరిగేదాకా కొట్టింది ఆయనే. డబ్లిన్‌లో కోనర్ క్రూజ్ ఓబ్రయన్, కాన్ క్రెమిన్ వంటివాళ్ళున్నారు. వీళ్ళంతా ఉద్యోగ దౌత్యవేత్తలు. ఒక కామాకు, ఒక క్రియాపదానికి ఏ దేశం ఎలా స్పందిస్తుందో కనిపెట్టి రాత్రిళ్ళు తిరగరాసినవాళ్ళు. మంత్రి పేరు చరిత్రలో ఉంటుంది. చిత్తుప్రతి రాసినవాడి పేరు దస్త్రంలో ఉంటుంది. 1960లో ఆ శాఖలో చేరిన నోయల్ డోర్ ఇరవయ్యేళ్ళ తరవాత భద్రతా మండలిలో ఐర్లండ్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ పాఠశాల అలా సాగింది.

ఐక్యరాజ్యసమితి శాంతి సేన వెళ్ళిన కాంగో సంగతి ఒక్క మాట. 1960 నవంబర్ 8న నీంబా దగ్గర తొమ్మిదిమంది ఐరిష్ శాంతి సైనికులు చనిపోయారు. విదేశీ గడ్డ మీద శాంతి కోసం ఈ దేశం అర్పించిన తొలి పెద్ద బలి అది. మరుసటి ఏడు అదే కాంగోలోని కటంగాలో ఐరిష్ వాళ్ళ పక్కన నిలబడినవాళ్ళు భారత సైనికులు. 1961 డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా అమరుడై పరమవీర చక్ర పొందాడు. ఈ రెండు దేశాల నెత్తురు ఒకే మట్టిలో ఇంకింది.

స్నేహం ఉన్నచోట తగాదా కూడా ఉంటుంది. 1962లో ఐర్లండ్ ఏడాదిపాటు భద్రతా మండలి సభ్యదేశం. జూన్ 22న కశ్మీర్ మీద ఐర్లండ్ తీర్మానం పెట్టింది. పాత తీర్మానాలు గుర్తుచేస్తూ, రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకోమంది. ఏడు ఓట్లు అనుకూలం, రెండు వ్యతిరేకం, రెండు తటస్థం. సోవియట్ వీటోతో అది పడిపోయింది. ఢిల్లీ చాలా నొచ్చుకుంది. వలస పాలన నుంచి మనలాగే బయటపడ్డ దేశం, దేశవిభజన నొప్పి మనలాగే తెలిసిన దేశం, ఇలా చేసిందేమిటని. ఆ తీర్మానం విషయంలో ఐర్లండ్ పొరబడిందనే నా అభిప్రాయం. పాత తీర్మానాల్ని తవ్వితే భారత్ చర్చకు రాదని వాళ్ళకు తెలిసి ఉండాల్సింది. అయినా రెండేళ్ళకే, 1964లో, ఐర్లండ్ ఢిల్లీలో తన రాయబార కార్యాలయం తెరిచింది. కోపం వచ్చిన ఇంటికి మొహం చాటేయలేదు.

1968 జులై 1న అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం సంతకాలకు వచ్చింది. లండన్, వాషింగ్టన్, మాస్కో మూడుచోట్లా. తొలి సంతకం ఏకెన్‌ది కావాలని మాస్కోకు పిలిచారు. పదేళ్ళ కిందట వెనక్కి తీసుకున్న ఆ కాగితం ఇదే. భారత్ సంతకం పెట్టలేదు. అయిదు దేశాలు బాంబులు ఉంచుకుని తక్కినవాళ్ళను వద్దనడం ఏం న్యాయమని అడిగింది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. నిరాయుధీకరణ గురించి చిత్తశుద్ధితో చర్చిస్తామని ఆ అయిదు దేశాలూ అందులో మాటిచ్చాయి. అర్ధ శతాబ్దం దాటినా ఆ మాట నిలబెట్టుకోలేదు. భారత్ అడిగింది న్యాయమే. అలాగని ఏకెన్ చేసింది తప్పు కాదు. ఆ ఒప్పందం లేకపోతే ఇవాళ ఎన్ని దేశాల దగ్గర బాంబు ఉండేదో తలుచుకుంటే నాకు భయమేస్తుంది.

భారత్ పోఖ్రాన్‌లో తొలి పరీక్ష చేసింది 1974 మే 18న. అప్పటికి ఏకెన్ రాజకీయాల నుంచి తప్పుకుని ఏడాది దాటింది. 2008లో మన పౌర అణు ఒప్పందానికి మినహాయింపు ఇవ్వాలా వద్దా అని వియన్నాలో అణు సరఫరాదారుల బృందం తర్జనభర్జన పడినప్పుడు, ఆఖరిదాకా మొరాయించిన కొద్ది దేశాల్లో ఐర్లండ్ ఒకటి. సెప్టెంబర్ 6న ఒప్పుకుంది. మనవాళ్ళకు అప్పుడు కోపమొచ్చింది. అది మన మీద పగ కాదు. ఏకెన్ పెట్టిన గీతను అంత తేలిగ్గా చెరిపెయ్యలేకపోయారు, అంతే. 2017లో అణ్వాయుధాలను పూర్తిగా నిషేధించే ఒప్పందానికి ముందు నిలిచిన దేశాల్లోనూ ఐర్లండ్ ఉంది. దాన్ని 2020 ఆగస్టు 6న, హిరోషిమా రోజున ధృవీకరించింది. అంటే ఉన్నవాళ్ళ బాంబుల సంగతేమిటన్న భారత్ ప్రశ్నను ఐర్లండ్ మర్చిపోలేదు.

మన ఊరి నడిబొడ్డుకు మళ్ళీ వస్తాను. ఉత్తర ఐర్లండ్ ఘర్షణల కాలంలో, 1975 డిసెంబర్ 19న ఈ ఊళ్ళో బాంబు పేలి ఇద్దరు చనిపోయారు. సరిహద్దు ఊరన్న పేరుతో ముప్ఫై ఏళ్ళు డండాక్ మాటపడింది. 2000 డిసెంబర్ 12న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఇక్కడికి వచ్చి మార్కెట్ స్క్వేర్‌లో వేలాదిమంది ముందు శాంతి గురించి మాట్లాడాడు. అంతకు డెబ్బై ఎనిమిదేళ్ళ ముందు ఈ ఊరి నడిబొడ్డునే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు అడిగింది అదే. ఆనాడు విన్న చెవులు లేవు.

ఇప్పుడు మనం కూరగాయలకో, బట్టలకో న్యూరీ వెళ్తుంటాం. ఎక్కడ దేశం మారిందో పిల్లలకు తెలియదు. కిలోమీటర్ల బోర్డు మైళ్ళ బోర్డు అవుతుంది, యూరోలు పౌండ్లు అవుతాయి, అంతే. ఎవరూ ఆపరు, ఎవరూ కారు డిక్కీ తెరిపించరు. పాస్‌పోర్టు, వీసా అన్న మాటలతో బతుకు గడిపే మనకు ఇది ఎంత అరుదైన సంగతో వేరే చెప్పాలా? ఏళ్ళ తరబడి బల్లల చుట్టూ కూర్చుని, ఓడి, మళ్ళీ వచ్చి, కామాలు మార్చి, మళ్ళీ ఓడినవాళ్ళ చేతులమీద అది తయారైంది.

ఏకెన్‌ను ప్రభుత్వ లాంఛనాలతో క్యామ్లాక్‌లో, పుట్టిన ఊళ్ళోనే సమాధి చేశారు. న్యూరీ నుంచి అయిదారు కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. ఈసారి అటు వెళ్ళినప్పుడు కారు పక్కకు తిప్పండి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. ఆయన ఎవరో, ఆల్ట్‌నవే సంగతితో సహా, ఆ తీర్మానం సంగతితో సహా, తెలుగులో చెప్పండి.